మినియాపోలిస్ చలిలో రెండు మాల్స్

జనవరిలో మినియాపోలిస్‌లోని మా అమ్మాయి ఇంట్లో ఉన్న నాలుగు వారాలూ బయట తిరగలేని చలి కావడంతో, మా శ్రీమతీ నేనూ పగళ్లు ఎక్కువగా గడిపింది రెండు మాల్స్‌లోనే.

మొదటిది బ్లూమింగ్టన్‌లో 1992లో తెరిచిన మాల్ ఆఫ్ అమెరికా. విమానాశ్రయం మీదుగా వచ్చే బ్లూ లైన్ రైలు అక్కడే దించుతుంది కనుక కారు లేనివారికీ ఇబ్బంది లేదు. దుకాణాలు 500కు పైమాటే. ఈ ఊళ్లున్న మిన్నెసోటా రాష్ట్రంలో బట్టల మీద అమ్మకం పన్ను లేదు కాబట్టి చీటీ మీది ధరే బిల్లులోనూ ఉంటుంది. అమెరికాలో చాలాచోట్ల అలా ఉండదు. ఈ మాల్ ఉన్నచోట ఒకప్పుడు బేస్‌బాల్ స్టేడియం ఉండేది. 1967లో ఆటగాడు హార్మన్ కిల్లెబ్రూ కొట్టిన బంతి 520 అడుగుల దూరాన పడిన చోటుకు గుర్తుగా లోపలి వినోద పార్కు గోడకు ఎత్తున ఒక ఎర్ర కుర్చీ బిగించారు. కింద, బంతి కొట్టేవాడు నిలబడే హోం ప్లేట్ ఉన్నచోట ఫలకం ఉంది. దాన్ని చదవడానికి నేను వంగినంతసేపూ, చేతినిండా సంచులున్నవారు నన్ను తప్పించుకుని వెళ్లారే గాని ఒక్కరూ ఆగలేదు.

ఒక దుకాణంలో వాపసు కౌంటరు వద్ద మా ముందున్న యువతి మూడు చలికోట్లు తెచ్చి రెండింటిని తిరిగి ఇచ్చేసింది. కారణం అడగకుండానే డబ్బు ఆమె కార్డుకు జమ చేశారు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీదే అచ్చువేసే ఊళ్ల నుంచి వచ్చిన మాకు ఇది గొప్ప సౌకర్యంగానే తోచింది. అయితే తిరిగి ఇవ్వవచ్చన్న ధీమాతోనే మా శ్రీమతి కూడా అవసరం లేని రెండు స్వెట్టర్లు కొన్నది. అవి ఇంకా మా బీరువాలోనే ఉన్నాయి.

తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి మాల్ దగ్గరి హోటల్లో దిగాం. గది శుభ్రంగా ఉంది గాని, ఉచితమన్న వ్యాను నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది.

రెండోది ఎడైనాలోని సౌత్‌డేల్. 1956లో తెరిచిన ఇది పూర్తిగా కప్పు కింద కట్టిన తొలి అమెరికన్ మాల్. వియన్నాలో పుట్టిన వాస్తుశిల్పి విక్టర్ గ్రూయెన్ దీని చుట్టూ ఇళ్లు, బడులు, ఉద్యానం ఉన్న ఒక ఊరినే ఊహించాడు. చివరికి మిగిలింది దుకాణాలు, వాటి చుట్టూ కార్ల మైదానం. తరువాతి కాలంలో ఆయనే మాల్స్‌ను బాహాటంగా తప్పుబట్టాడు. ఇటీవలి సంవత్సరాల్లో మాత్రం పక్కనే అపార్ట్‌మెంట్లు వెలిశాయి.

ఒక్కరోజే ఉన్నవారు మాల్ ఆఫ్ అమెరికా చూడవచ్చు. నాకు నచ్చింది సౌత్‌డేలే. ఉదయం ఇంకా షట్టర్లు ఎత్తకముందు, కోట్లు బెంచీల మీద వదిలేసి జంటలుగా నడిచే వృద్ధులు మమ్మల్ని రెండో రోజుకే పలకరించారు.