బా బే సరస్సు దగ్గర, గుంజల ఇంట్లో రెండు రాత్రులు

మెట్లు తొమ్మిది. మా అమ్మ ఎక్కుతూ లెక్కపెట్టి, "బేసే, మన లెక్కే" అని తృప్తి పడింది. గుంజల మీద కట్టుకునే తాయ్ జాతి వాళ్ళ ఇళ్ళకు కూడా మెట్లు బేసిగానే ఉండాలట. వియత్నాం ఉత్తరాన, హనోయ్‌కి 230 కిలోమీటర్లకు పైగా దూరంలో కొండల మధ్య ఉన్న పాక్ న్గోయ్ అనే ఊళ్ళో దిగాం మేము. బా బే సరస్సు ఒడ్డునే ఉంది ఆ ఊరు. 1992లో ఈ సరస్సునూ చుట్టూ అడవినీ కలిపి జాతీయ ఉద్యానవనం చేశారు. తాయ్, జావ్, మోంగ్ జాతుల వాళ్ళ ఊళ్ళు అందులోనే ఉన్నాయి.

చేరడం మాత్రం తేలిక కాదు. సరస్సు దాకా దింపుతామని డబ్బు తీసుకున్న వ్యాన్ మమ్మల్ని చో రా అనే చిన్న పట్నంలో దింపేసి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లు. చీకటి పడుతోంది, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. చివరికి మేం బస చేయాల్సిన ఇంటివాళ్ళే ఎవరి కారో పంపించారు. అందుకే ముందే ఫోన్ చేసి, చో రా నుంచి బండి ఆ ఇంటివాళ్ళతోనే మాట్లాడుకోండి. నగదు హనోయ్‌లోనే తీసి పెట్టుకోండి. ఇంకో మాట. 2025 జులైలో ఈ సరస్సు ఉన్న బాక్ కాన్ ప్రావిన్స్‌ను థాయ్ న్గుయెన్‌లో కలిపేశారు, పాత మ్యాపు చూసి కంగారు పడకండి.

బా బే అంటే మూడు సరస్సులు. ఒకదానికొకటి కలిసిపోయి ఎనిమిది కిలోమీటర్ల పొడవున సాగుతాయి. పడవకు ఇంత అని కిరాయి, మనిషికి కాదు. కాబట్టి ఇంకో ఇద్దరు కలిస్తే మేలు. నాంగ్ నది కొండను తొలుచుకుని వెళ్ళే పువోంగ్ గుహ తప్పక చూడాలి. 300 మీటర్ల సొరంగం, పైన గబ్బిలాలు, పడవ అందులోంచే దూరి అవతల తేలుతుంది. దావ్ దాంగ్ జలపాతం బాగానే ఉంది కానీ, టైము లేకపోతే వదిలేయొచ్చు. ఆ పూట నీళ్ళ మీదే గడపండి. ఇంజిను మోత ఎక్కువ. నడిమధ్యలో కాసేపు ఆపమని అడిగితే పడవతను సంతోషంగా ఆపాడు. అప్పుడు గానీ ఆ సరస్సు ఎంత పెద్దదో చెవికి తెలియలేదు.

అక్కడే ఒక చిన్న దీవి చూపించి, విధవరాలి దీవి అన్నాడు. జాతర రోజున ఒళ్ళంతా పుళ్ళతో ఒక ముసలామె వస్తే ఊరంతా తరిమేసిందట. ఒక పేద విధవరాలూ ఆమె కొడుకూ మాత్రం అన్నం పెట్టి పడుకోమన్నారు. రాత్రి చూస్తే ఆమె పెద్ద నాగరూపం. తెల్లారి ఇంటి చుట్టూ చల్లమని బూడిద, చేతిలో వరిపొట్టు ఇచ్చి వెళ్ళింది. వరద వచ్చి ఊరు మునిగితే ఆ పొట్టే పడవలయ్యాయి. తల్లీకొడుకులు వాటిలో జనాన్ని ఒడ్డుకు చేర్చారు. వాళ్ళ ఇల్లున్న చోటే ఈ దీవి.

ఇక ఇల్లు. పార్కు కార్యాలయం దగ్గర గెస్ట్‌హౌస్ ఉంది. గోడలున్న గది కావాలనుకునే వాళ్ళకు అది నయం. నేను మాత్రం ఊళ్ళో ఇంటికే ఓటేస్తాను. చెక్క నేల మీద పరుపులు, దోమతెరలు, మధ్యలో కర్టెన్లు. పక్కవాళ్ళ గురక వినిపిస్తుంది, బాత్రూం కింద ఉంటుంది. రాత్రిపూట అమ్మను దింపడానికి టార్చి పట్టుకుని ముందు నేను దిగాల్సి వచ్చింది. కొత్తగా కట్టిన పెద్ద ఇళ్ళు కొన్ని హోటళ్ళలా ఉన్నాయి. పొయ్యి ఇంట్లోనే వెలిగే పాత ఇల్లు అడిగి చూసుకోండి.

మేమున్న ఇంట్లో పొయ్యి పైన వేలాడే అటక మీద సరస్సు చేపలు పొగకు ఆరుతున్నాయి. మేం శాకాహారులం. "అన్ చాయ్" అంటే అర్థమవుతుంది, కానీ చేపల సాస్ "నూక్ మామ్" కూడా వద్దని విడిగా చెప్పాలి. టోఫు, తూటికూర, వెదురు కొమ్ములు, జిగురన్నం పెట్టారు. మారేడుమిల్లిలో వెదురు కొమ్ములు తిన్నవాళ్ళకు ఆ రుచి కొత్తేం కాదు.

ఇంటావిడను "చీ" అని పిలవాలి, అంటే అక్క. మొదట మన నాలుక తటపటాయిస్తుంది. రెండో రోజు సాయంత్రం ఆమె గుమ్మడి తీగ చివుళ్ళు ముందేసుకుని కూర్చుంది. అమ్మ వెళ్ళి పక్కన కూర్చుని, ఒక కాడ విరిచి, పై పీచు చివరిదాకా లాగింది. ఆవిడ ఆ చేతులకేసి చూసి నవ్వి, సగం కట్ట అమ్మ ఒళ్ళో పెట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు. బుట్ట నిండేదాకా ఇద్దరూ లేవలేదు.