తీర్థన్ ఏట్లో ట్రౌట్ కోసం: ఒక వైజాగ్ గేలంగాడి ఆరు రోజులు

గోస్తని సముద్రంలో కలిసే చోట, భీమిలి ఒడ్డున, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి తొమ్మిదడుగుల కర్రతో గాల్లోకి దారం విసురుతున్నాను. ఏప్రిల్ ఆఖరు వారం. వేట నిషేధం రోజులు, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరపడవలు సముద్రంలోకి పోకూడదు కాబట్టి, ఒడ్డున అందరికీ కాస్త తీరికే. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు చూసి చూసి అడిగాడు.

"ఏటి బాబూ, గాల్ని కొడతన్నావేటి?"

"ప్రాక్టీసండీ. హిమాచల్ వెళ్తున్నాం, చేపలకి."

"అక్కడ సేపలు గాల్లో ఉంటాయేటి?" అని మళ్ళీ వల మీదకి వంగిపోయాడు.

ఆయన తప్పేం లేదు. నా గేలానికి ఎర లేదు, బెండు లేదు, సీసం లేదు. మామూలు గేలంలో బరువు చివర ఉంటుంది, దారం దాని వెనకాల పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో బరువంతా దారానిదే. చివర కట్టేది ఈకలతో చేసిన ఉత్తుత్తి పురుగు, దోమకన్నా కాస్త పెద్దది. దాన్నే ఫ్లై అంటారు. దాన్ని విడిగా విసిరితే మూరెడు దూరం కూడా పోదు. అందుకని దారాన్ని వెనక్కి కొట్టి, అది వెనకాల పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకి తోయాలి. ఆ ఆగడమే నాకు రాలేదు. చిన్నప్పటి నుంచి తెన్నేటి పార్కు కింద రాళ్ళ మీద కూర్చుని గేలం వేసినవాణ్ణి, చెయ్యి ఊరుకోదు.

ట్రౌట్ మన వైపు ఎందుకు ఉండదని చాలామంది అడిగారు. అది చన్నీళ్ళ చేప. నీళ్ళు 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. అరకులో చలికాలం పొగమంచు చూసి మనం మురిసిపోతాం గానీ, ఏడాది పొడుగునా మంచు కరిగిన నీళ్ళు పారే ఏరు మనకెక్కడిది? దక్షిణాన నీలగిరుల్లోనూ మున్నార్ వైపునా కొంత ఉంది. మా బావ ఒకటే పట్టు, వెళ్తే హిమాలయాలకే వెళ్దామని. ఆయనకి చేపల మీద కన్నా మే నెల వైజాగ్ ఉక్కలోంచి బయటపడటం మీదే ధ్యాస. ఆనకట్టలు లేని ఏరు కావాలన్నది నా షరతు. అలా కులూ జిల్లాలోని తీర్థన్ తేలింది. ఆ ఏటి మీద జలవిద్యుత్ ప్రాజెక్టులు వద్దని అక్కడివాళ్ళు పోరాడి సాధించుకున్నారు. అది పుట్టేది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కులో. ఆ పార్కుకి 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ప్రయాణం గురించి క్లుప్తంగా చెప్తాను. ఢిల్లీ దాకా ఏపీ ఎక్స్‌ప్రెస్, అక్కణ్ణుంచి మనాలి వెళ్ళే రాత్రి బస్సు. మనాలి దాకా పోకుండా ఔట్ దగ్గర, సొరంగానికి ముందు దిగిపోవాలి. కండక్టరుకి రాత్రే చెప్పి, తెల్లవారుజామున మళ్ళీ గుర్తు చెయ్యండి. మేం ఒక్కసారే చెప్పాం, కళ్ళు తెరిచేసరికి సొరంగం లోపల ఉన్నాం. ఆ మూడు కిలోమీటర్లూ బావ నన్ను చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. ఔట్ నుంచి బంజార్, అక్కణ్ణుంచి తీర్థన్ ఒడ్డునున్న గుషైనీ. టాక్సీలు దొరుకుతాయి. బస్సులూ ఉన్నాయి గానీ తొమ్మిదడుగుల కర్రల గొట్టాలతో ఎక్కితే లోపలున్నవాళ్ళకి కష్టం. ఈసారి వెళ్తే నాలుగు ముక్కలయ్యే కర్రే తీసుకెళ్తాను.

మొదటి బస ఫోటోలు చూసి బుక్ చేసింది. "నది ఎదురుగా" అని రాశారు. నిజమే, నది ఎదురుగానే ఉంది. మధ్యలో రోడ్డు, రోడ్డు మీద రాత్రి పన్నెండు దాకా పాటలు పెట్టుకుని కార్లు. వేడినీళ్ళు పొద్దున ఏడు తర్వాతేనట, నాకేమో ఐదున్నరకే ఏట్లో ఉండాలి. కర్రలూ, దారం చుట్టే చక్రాలూ అద్దెకిస్తామన్నారు. చూస్తే చక్రం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఫ్లైలు అడిగితే ఒక డబ్బా తెచ్చి చూపించారు, అన్నీ మామూలు గేలానికి కట్టే మెరిసే లోహపు ఎరలు, స్పిన్నర్లే. ఫ్లై ఫిషింగ్ నేర్పిస్తామని డబ్బు కట్టించుకున్నవాళ్ళు ఫ్లై డబ్బా లేకుండా ఎలా నేర్పిస్తారో నాకిప్పటికీ అర్థం కాలేదు. రెండో రోజు మధ్యాహ్నమే ఖాళీ చేశాం. అడ్వాన్సులో సగమే తిరిగిచ్చారు, టెన్షన్ పడి వాదించే ఓపిక లేక వదిలేశాం.

రెండో బస మాకు ఒక టీ కొట్టాయన చెప్పింది. ఏటికి అవతల ఒడ్డున కర్రా రాయీ కలిపి కట్టిన ఇల్లు. వంతెన లేదు. ఇనప తీగ మీద వేలాడే తొట్టిలో కూర్చుంటే అవతలివాళ్ళు తాడు లాగుతారు. మొదటిసారి బావ కళ్ళు మూసుకుని హనుమాన్ చాలీసా అందుకున్నాడు, మూడో రోజుకి తనే తాడు లాగడం మొదలుపెట్టాడు. గది చిన్నది, బాత్రూం తలుపు సరిగా పడదు, ఫోన్ సిగ్నల్ మేడ మీద ఒక మూల మాత్రమే. అయినా గుమ్మం దిగితే ముప్పై అడుగుల్లో నీళ్ళు. చేపల కోసం వెళ్ళేవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఇద్దరికీ భోజనాలతో కలిపి రోజుకి మూడు వేల రెండొందలు పడింది. మొదటి దానికన్నా ఎనిమిది వందలు తక్కువ.

ఒక మాట. ఫిషింగ్ లైసెన్సు తప్పనిసరి. మత్స్యశాఖ ఇస్తుంది, రోజుల లెక్కన. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ వేట నిషేధం, అది గుడ్లు పెట్టే కాలం. మన సముద్రానికి నిషేధం వేసవిలో, వాళ్ళ ఏటికి చలికాలంలో.

గైడ్ కుర్రాడికి పాతికేళ్ళుంటాయి. తెలుగు రాదు, మా హిందీ సంగతి వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏట్లోకి దిగగానే కర్ర తియ్యలేదు. వంగి పిడికెడంత రాయి ఒకటి తిరగేసి నా ముఖం ముందు పెట్టాడు. తడి రాయికి అడుగున చదునుగా, ఆవగింజకి నాలుగింతలున్న పురుగులు అతుక్కుని ఉన్నాయి. పొట్ట రెండు పక్కలా రేకుల్లాంటి మొప్పలు వణుకుతున్నాయి, వెనకాల వెంట్రుకల్లా తోకలు. అదే మేఫ్లై పిల్ల. నెలల తరబడి, కొన్ని రకాలైతే ఏడాదికి పైగా, ఇలా నీళ్ళలోనే ఉంటుంది. ఒక రోజు పైకి తేలి చర్మం విడిచి రెక్కలతో లేస్తుంది. అప్పటికి రెక్కలు మసకగా ఉంటాయి. చెట్టెక్కి ఇంకోసారి చర్మం విడిస్తే అద్దంలా అవుతాయి. రెక్కలొచ్చాక కూడా మళ్ళీ చర్మం విడిచే పురుగు ఇదొక్కటే. పెద్దయ్యాక తినదు, తినే నోరే ఉండదు. జత కట్టి, నీళ్ళ మీద గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. అంతా ఒకటి రెండు రోజుల్లో, కొన్నిటికి గంటల్లోనే.

నాకు వెంటనే తట్టింది ఉసిళ్ళు. తొలకరి పడిన సాయంత్రం ట్యూబులైటు చుట్టూ ముసిరి, తెల్లారేసరికి గుమ్మంలో రెక్కలు మిగిల్చిపోయే ఉసిళ్ళు. అవి పుట్టలోంచి వస్తాయి, ఇవి నీళ్ళలోంచి వస్తాయి, అంతే తేడా. ఉసిళ్ళు లేస్తే కప్పలకీ బల్లులకీ ఎలా పండగో, ఇవి లేస్తే ట్రౌట్‌కి అలాగ.

అయితే ఆ పండగ మన టైంటేబులు చూసుకుని రాదు. మేలో పగలు ఎండకి పైన మంచు కరిగి, మధ్యాహ్నానికి ఏరు పెరిగి బూడిద రంగుకి తిరుగుతుంది. కాబట్టి మధ్యాహ్నం దండగ. పొద్దున పదిలోపు, సాయంత్రం ఐదు తర్వాతే పని. వానాకాలంలో బురదనీళ్ళు, అప్పుడు వెళ్ళి లాభం లేదు.

మొదటి రెండు రోజులూ నాకు చెట్ల కొమ్మలే పడ్డాయి. నేను ముందుకి తోసిన ప్రతిసారీ కుర్రాడు "రుకో, రుకో" అని అరిచాడు. రాత్రి నిద్రలో కూడా వినపడింది. పదకొండు ఫ్లైలు పోగొట్టాను. ఒకటి బావ టోపీలో దిగింది.

నాలుగో రోజు సాయంత్రం ఆరున్నర. మబ్బు పట్టింది, గాలి ఆగింది. ముందు నీళ్ళ మీద ఏవో చిన్న చిన్న తెరచాపల్లా కనిపించాయి. రెక్కలు నిటారుగా నిలబెట్టుకుని మేఫ్లైలు నీటి వాలున కొట్టుకొస్తున్నాయి. పది, ఇరవై, తర్వాత లెక్కలేదు. పెద్ద బండ వెనకాల నీళ్ళు మెత్తగా తిరిగే చోట బుడుంగుమని ఒక వలయం. మళ్ళీ అక్కడే ఇంకొకటి. కుర్రాడు నా ఫ్లై విప్పి బూడిదరంగుది, 16 నంబరు గేలానిది కట్టాడు. వలయానికి మూడడుగులు ఎగువన వెయ్యమన్నాడు.

వేశాను, పక్కకి పడింది. మళ్ళీ వేశాను, దారాన్ని నీటి వాలు లాగేసి పురుగు పడవలా దూసుకుపోయింది. అలా ఈదే పురుగు నిజమైందని ఏ చేపా నమ్మదు. ఆరోసారో ఏడోసారో వెనక్కి కొట్టి ఎందుకో ఆగాను. దారం తిన్నగా వెళ్ళి వాలింది. ఫ్లై ఒక అడుగు తేలింది, రెండు అడుగులు, మూతి ఒకటి పైకొచ్చి మింగింది. కర్ర వంగిపోయింది.

జానెడుకి కాస్త పైనుండే బ్రౌన్ ట్రౌట్. పసుపు పొట్ట, ఒంటి మీద నల్ల చుక్కలు, వాటి మధ్య తెల్ల అంచున్న ఎర్ర చుక్కలు. దీని పూర్వీకుల్ని బ్రిటిష్ వాళ్ళు 1909లో కులూ లోయలోకి తెచ్చారు. చేతులు తడుపుకుని పట్టుకోవాలట, పొడి చెయ్యి తగిలితే దాని ఒంటి మీది జిగురు పోతుందట. ముల్లు లేని గేలం కాబట్టి ఇట్టే వచ్చేసింది. పారే నీళ్ళకి ఎదురుగా మూతి పెట్టి పట్టుకుంటే రెండు క్షణాలు ఊపిరి తీసుకుని వెళ్ళిపోయింది. బావ ఒడ్డు నుంచి కేకేశాడు: "వదిలేశావా? దీనికోసమా రెండు వేల కిలోమీటర్లు!"

ఆయన బాధ తీర్చడానికి రాత్రి ఫారంలో పెంచిన రెయిన్‌బో ట్రౌట్ వేయించి పెట్టారు ఇంటివాళ్ళు, ఆవనూనెలో. బావ తీర్పు: ముళ్ళు తక్కువ, రుచీ తక్కువ, వంజరం ముందు దిగదుడుపు. నాకైతే బాగానే ఉంది. ఆవనూనె వాసనకి అలవాటుపడాలి, అంతే.

ఒక పూట దగ్గర్లోని టూరిస్టుల ఊరు జిబీ వెళ్ళొచ్చాం. కేఫ్‌లు, సెల్ఫీలు, పార్కింగ్ గొడవ. చేపల కోసమైతే అటు పోనక్కర్లేదు. ఎవరైనా వెళ్తానంటే నేను చెప్పేది ఒకటే, కర్ర మీద పెట్టే డబ్బు సగానికి తగ్గించి గైడ్ మీద పెట్టండి. రోజుకి పద్దెనిమిది వందలు తీసుకున్నాడు ఆ కుర్రాడు. మూడు రోజులకే పిలిచాం, ఆరు రోజులూ పిలవాల్సింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు పట్టుకెళ్ళండి. నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయంటే పావుగంటకి వేళ్ళు ఉన్నాయో లేవో తెలియదు. నగదు బంజార్‌లోనే తీసి పెట్టుకోండి.

తిరిగొచ్చాక ఒక ఆదివారం సాయంత్రం మళ్ళీ భీమిలి వెళ్ళాను, కర్రకి ఉప్పునీటి ఫ్లై కట్టుకుని. అదే పెద్దాయన అదే చోట ఉన్నాడు. పక్కన విసురువల మడిచి పెట్టుకున్నాడు.

"దొరికాయేటి గాల్లో సేపలు?"

దొరికింది అని ఫోనులో ఫోటో చూపించాను. "సూడ్డానికి బాగుంది" అని, కర్ర ఓసారి ఇటివ్వమన్నాడు. ఎలా పట్టుకోవాలో చెప్పాను, అంతే. మొదటిసారి దారం కాళ్ళ దగ్గర కుప్పపడింది. రెండోసారి ఆయన వెనక్కి కొట్టి, తల తిప్పి దారం కేసి చూస్తూ ఆగాడు. నలభై ఏళ్ళుగా వల విసిరిన మణికట్టు. దారం నేను ఎప్పుడూ వెయ్యలేనంత తిన్నగా వెళ్ళి గోస్తని నీళ్ళ మీద చప్పుడు లేకుండా వాలింది.

"ఎర కట్టేసి ఇవ్వు బాబూ" అన్నాడు.