అద్దె కారవాన్‌లో అరకు ప్రయాణం: ట్యాంకు నీళ్ళ సంగతి

గత డిసెంబరులో మా కుటుంబం ఐదుగురం విశాఖపట్నం నుంచి బయలుదేరి అరకు, పాడేరు, లంబసింగి చూసుకుని నర్సీపట్నం మీదుగా ఊరు చేరేలా మూడు రాత్రుల ప్రయాణానికి ఒక కారవాన్‌ను అద్దెకు తీసుకున్నాం. పడకలు సుఖంగా ఉన్నాయి, అనంతగిరి ఘాట్‌రోడ్డు మలుపుల్లో బండి నిబ్బరంగా నడిచింది. ఆ రెండింటి గురించి ఇంతకంటే రాయవలసింది లేదు. నేను రాయదలచుకున్నది ఆ బండిలోని తాగునీటి గురించి. ముప్పై ఏళ్ళు జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పిన అలవాటు వల్ల, వెంట ఐదేళ్ళ మనవరాలు ఉండటం వల్ల, ఈ విషయంలో నా పట్టింపు కొందరికి చాదస్తంగా తోచవచ్చు. మావారికి బయలుదేరే రోజునే అలా తోచింది.

బండిలోని నీటి ఏర్పాటు ఇలా ఉంది. వెనక బల్లసీటు కింద వంద లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు. దాని నుంచి నీటిని తోడే 12 వోల్టుల చిన్న పంపు. స్నానానికీ అంట్లకూ ఒక దారి, వంటగదిలో తాగునీటి కుళాయికి వేరే దారి. ఆ రెండో దారిలో మడ్డిని పట్టే 5 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫిల్టరు, దాని వెనుక కార్బన్ ఫిల్టరు బిగించారు. ట్యాంకు ఆహారపదార్థాలకు వాడదగిన రకమే. నీరు పోసే మూతకు తాళం ఉంది, ఎన్ని నీళ్ళు మిగిలాయో చూపే సూచిక సరిగ్గా పనిచేసింది, వాడిన నీరు రోడ్డు మీద కారకుండా కింద మరో ట్యాంకులో చేరుతుంది. కట్టినవారికి పని తెలుసునని చూడగానే అర్థమవుతుంది. తేడా వచ్చింది కట్టడంలో కాదు, వాడకంలో.

బండిని అప్పగించేటప్పుడు డ్రైవరు కుర్రాడు జేబులోంచి పెన్ను లాంటి టీడీఎస్ మీటరు తీసి, గ్లాసులో ముంచి, "చూడండమ్మా, నలభై ఎనిమిది. ఆర్వో ప్లాంటు నీళ్ళే నింపాం" అని ఎంతో నమ్మకంగా చూపించాడు. అతణ్ణి తప్పుపట్టలేను. మన ఇళ్ళలో కూడా ఆ మీటరులో అంకె ఎంత తక్కువైతే నీళ్ళు అంత మంచివన్న నమ్మకం స్థిరపడిపోయింది. నిజానికి ఆ పరికరం కొలిచేది నీటి విద్యుద్వాహకతను. దాని ఆధారంగా కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో లెక్కకట్టి చూపిస్తుంది. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం 500 దాకా లవణాలు ఉండవచ్చు, వేరే నీటివనరు లేనిచోట 2000 దాకా అనుమతిస్తారు. అదే ప్రమాణం ఇ.కోలై అనే క్రిమి మాత్రం 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదంటుంది. ఆ క్రిముల సంగతి మీటరుకు తెలియదు. మురుగు కలిసిన వాననీటిలో ముంచినా అది చిన్న అంకెనే చూపగలదు.

ఆర్వో నీటితో మరో చిక్కు ఉంది. విశాఖకు తాటిపూడి, రైవాడ, మేహాద్రిగెడ్డ వంటి జలాశయాల నుంచి వచ్చే నీటిని శుద్ధిచేసి, క్లోరిన్ కలిపి కుళాయిలకు వదులుతారు. దారిలో ఎక్కడైనా క్రిమి చేరితే చంపడానికి ఆ క్లోరిన్ కొంత మిగిలి ఉండాలి. కుళాయి దగ్గర కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉండాలని పైన చెప్పిన ప్రమాణమే నిర్దేశిస్తుంది. ఆర్వో యంత్రంలో ముందుగా ఉండే కార్బన్ ఈ క్లోరిన్‌నే తీసేస్తుంది. అప్పటికప్పుడు గ్లాసులో పట్టుకుని తాగేవారికి దాని వల్ల నష్టం లేదు. అవే నీళ్ళను తీసుకెళ్ళి, ఎప్పుడు కడిగారో తెలియని ట్యాంకులో మూడు రోజులు నిలవ ఉంచితే వాటికి కాపలా ఉండదు. కుళాయి నీళ్ళు వాసనేస్తున్నాయని ముక్కు మూసుకునే మా కోడలికి ఈ మాట నచ్చలేదు గాని, బండి ట్యాంకులో పోయడానికి ఆర్వో నీటికంటే ఆ వాసన నీళ్ళే మేలు.

ట్యాంకు ఎప్పుడు కడిగారని డ్రైవరును అడిగాను. "కడగడమేటమ్మా, ట్రిప్పు ట్రిప్పుకీ కొత్త నీళ్ళే కదా పోస్తన్నాం" అన్నాడు.

నా దగ్గర హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసాలు నాలుగున్నాయి. గ్రామాలలో తాగునీటిని పరీక్షించడానికి ఇచ్చే కిట్లలో ఉండేవి ఇవే. సీసాలో గుర్తు గీత దాకా నీళ్ళు పోసి వెచ్చగా ఉంచితే, పేగులలో ఉండే జాతి క్రిములు నీటిలో ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులలో నీరు నల్లబడుతుంది. ఏ క్రిమి ఉందో, ఎన్ని ఉన్నాయో ఇది చెప్పదు. ఆ నీరు అనుమానించదగినదని మాత్రం చెబుతుంది. ఇంటి ముందు బండి నిలిచి ఉండగానే నాలుగూ నింపాను: మా ఇంటి మున్సిపల్ కుళాయి నుంచి ఒకటి, బండిలో నీళ్ళు నింపే పైపులో నిలిచి ఉన్న నీటితో రెండోది, ట్యాంకు అడుగు నుంచి మూడోది, వంటగది ఫిల్టరు కుళాయి నుంచి నాలుగోది. అరకు చలిలో అవి పనిచేయవు కనుక, వేడినీళ్ళ ఫ్లాస్కు పక్కన తువ్వాలులో చుట్టిపెట్టాను. ఫ్లాస్కులో నీళ్ళు మార్చడం మావారి వంతు. "మన మనవరాలు పుట్టినప్పుడు కూడా ఇంత జాగ్రత్త పడలేదు" అని ఆయన గొణిగారు.

మర్నాటి సాయంత్రానికి పైపు నీటి సీసా సిరా పోసినట్టు నల్లబడింది. మూడోరోజు ఉదయం పాడేరులో చూసేసరికి ట్యాంకు సీసా, ఫిల్టరు సీసా కూడా నల్లగా ఉన్నాయి. మా ఇంటి కుళాయి సీసా రెండు రోజులు గడిచినా పోసినప్పుడు ఉన్న రంగులోనే ఉంది.

పైపు సీసా అన్నిటికంటే ముందు ఎందుకు నల్లబడిందో తెలుసుకోవడానికి బండి పక్క అర తెరిపించాను. అది తోటలకు వాడే మామూలు ఆకుపచ్చ పైపు. తాగునీటికి తగిన రకం కాదు సరికదా, రెండు కొసలకూ మూతలు లేవు, లోపల తడి ఆరలేదు. ఇక అసలు సంగతి: అదే అరలో, దాని చుట్టల మీదనే, మరుగుదొడ్డి డబ్బాను కడిగే పైపు పడి ఉంది. రెండింటి కొసలూ ఒకదానికొకటి తగులుతున్నాయి. ఈ సంస్థ ఫిల్టర్ల మీద పెట్టిన ఖర్చులో కొద్ది భాగం ఇంకో అర మీద పెట్టి ఉంటే నేనీ సమీక్ష రాసే అవసరం ఉండేది కాదు.

ఫిల్టరు ఎందుకు అడ్డుకోలేదని మా అబ్బాయి అడిగాడు. 5 మైక్రాన్ల రంధ్రాలలోంచి ఇసుక, తుప్పు, మడ్డి పోలేవు. ఒకటి రెండు మైక్రాన్ల పొడవుండే బాక్టీరియా హాయిగా పోతుంది. కార్బన్ వాసననూ క్లోరిన్‌నూ పీల్చుకుంటుంది గాని క్రిములను ఆపుతుందని నమ్మలేం. పైగా రెండు ట్రిప్పుల నడుమ తడిగా నిలిచిపోయిన కార్బన్‌లో అవి స్థిరపడతాయి కూడా. 0.01 మైక్రాను రంధ్రాల యూఎఫ్ (అల్ట్రాఫిల్ట్రేషన్) పొర ఉంటే బాక్టీరియాను ఆపేది. క్రిములను చంపే యూవీ (అతినీలలోహిత కిరణాల) దీపం కూడా పనికివస్తుంది, అయితే నీరు తేటగా ఉండాలి, బ్యాటరీలో కరెంటు ఉండాలి. వంద లీటర్లే ఉన్న బండిలో ఆర్వో యంత్రం పెట్టడం మాత్రం తెలివైన పని కాదు. చిన్న ఆర్వో యంత్రాలు మంచినీటిగా ఇచ్చేదాని కంటే పారబోసేదే ఎక్కువ.

ఇంతకీ మేము ఏం తాగామంటే, ముందుజాగ్రత్తగా ఇంటి నుంచి రెండు సీలు వేసిన 20 లీటర్ల క్యాన్లు తీసుకెళ్ళాం. ఐదుగురికి తాగడానికీ వంటకూ ఇవి చాలుతాయని లెక్క వేశాను, కొంచెం తప్పాను. క్యాను కొనేటప్పుడు మూత మీద సీలు, లేబులు మీద ఐఎస్ 14543 అనే సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. ప్యాకేజీ తాగునీటికి వర్తించే ప్రమాణం అదే. వీధి చివర ప్లాంటులో పట్టి ఇచ్చే మూతలేని కూల్ క్యాన్లను మనం మినరల్ వాటర్ అని పిలుచుకుంటాం గాని, వాటిలో మినరల్స్ తీసేశారన్నదే నిజం.

లంబసింగి చేరేసరికి రెండో క్యాను అడుగంటింది. డ్రైవరు ఆ కొండల కింది ఊరివాడే. దగ్గరలోని గెడ్డ చూపించి, "ఈ నీళ్ళు అమృతమమ్మా, చిన్నప్పట్నుంచీ తాగతన్నాం, ఏటీ అవదు" అన్నాడు. నీళ్ళు నిజంగానే అద్దంలా ఉన్నాయి. అతని మీటరు ముంచితే ఆర్వో నీళ్ళకంటే కాస్తే ఎక్కువ చూపింది. కాని గెడ్డకు పైన ఊళ్ళున్నాయి, పశువులున్నాయి. వర్షాకాలంలో ఏజెన్సీ నుంచి వచ్చే అతిసారం వార్తలు విశాఖలో పేపరు చదివేవారికి కొత్త కాదు. అలవాటైన కడుపుకు ఓర్పు ఉండవచ్చు, పట్నం పిల్లకు ఉండదు. అందుకని పలచని బట్టలో వడకట్టి, బండిలోని గ్యాస్ పొయ్యి మీద మరిగించాం. తెర్లిన తరువాత ఒక నిమిషం చాలు. 2000 మీటర్లకు పైన మూడు నిమిషాలు మరిగించమంటారు గాని, తూర్పు కనుమలలో అంత ఎత్తైన శిఖరమే లేదు. ఈ పద్ధతిలో ఉన్న ఇబ్బంది గ్యాసు, సమయం. రెండు గిన్నెలు కాచి చల్లార్చేసరికి మంచు చూడవలసిన తెల్లవారుజాము కాస్తా గడిచిపోయింది. మరోసారి వెళితే క్లోరిన్ బిళ్ళలు తీసుకెళతాను. అర గ్రాము బిళ్ళ 20 లీటర్ల తేటనీటికి సరిపోతుంది, వేసి అరగంట ఆగితే చాలు.

ఇటువంటి బండి నడిపేవారు ట్యాంకును శుభ్రం చేయడం పెద్ద పనేమీ కాదు. వాసన, రంగు కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని వంద లీటర్ల నీటికి 100 మిల్లీలీటర్ల చొప్పున కలిపితే లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ వస్తుంది. ఫిల్టర్లు తీసేసి, ఒక్కొక్క కుళాయినీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేసి, నాలుగు గంటలు అలాగే ఉంచి, తరువాత మొత్తం వదిలేసి, వాసన పోయేదాకా మంచినీటితో కడగాలి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను మాత్రం దాని దరిదాపుల్లోకి రానివ్వకూడదు. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. ఇది సంస్థవారు చేయవలసిన పని. అద్దెకు తీసుకున్నవారు ప్రయాణం ముందురోజు చేసుకోవలసినది కాదు.

బండి తిరిగి అప్పగించిన రోజున మూడు నల్ల సీసాలనూ ఒక తెల్ల సీసానూ వారి కార్యాలయంలో బల్ల మీద వరుసగా పెట్టాను. మేనేజరు మర్యాదస్తుడు. వాదించలేదు. డిపాజిట్ పూర్తిగా ఇచ్చి, "మేడమ్, ఈ వారంలోనే పైపు మార్పిస్తాం, ట్యాంకు కడిగిస్తాం" అన్నారు. మాట తప్పలేదు. పది రోజుల తరువాత నా ఫోనుకు ఒక ఫోటో పంపారు. అందులో తాగునీటికి తగిన కొత్త తెల్ల పైపు, కొసలకు నీలం మూతలతో, చక్కగా చుట్ట చుట్టి ఉంది. ఉన్నది మాత్రం అదే అరలో, మరుగుదొడ్డి పైపు మీద.