కల్లంలో కాయ ఉన్నన్నాళ్లూ ఫోన్‌లో ఉండాల్సిన రెండు యాప్‌లు: మేఘదూత్, దామిని

మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం. మిర్చిలో తేజ రకం ఎక్కువ వేస్తాం, కొంత 341 రకం. ఫిబ్రవరి వచ్చిందంటే ఏప్రిల్ చివరిదాకా మా ఇంటిల్లిపాదికీ ఆకాశం మీదే ధ్యాస. కల్లంలో ఆరబోసిన కాయ ఒక్క జల్లుకు తడిస్తే రంగు పోతుంది, తాలు (రంగు మారిన నాసి కాయ) పెరుగుతుంది. ఆ టిక్కీలు (మిర్చి బస్తాలు) మార్కెట్ యార్డుకు వెళ్తే ధర ఎలా తెగ్గోస్తారో మిర్చి వేసేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ప్రభుత్వ పరిశోధన సంస్థలు తయారుచేసిన ఈ రెండు వాతావరణ యాప్‌ల గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. రెండూ ఉచితం, రెండూ తెలుగులో ఉన్నాయి.

మేఘదూత్ 2019లో వచ్చింది. భారత వాతావరణ శాఖ, పుణెలోని ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ), భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి చేశాయి. జిల్లా ఎంచుకుంటే వచ్చే 5 రోజులకు వాన, ఎండ, గాలిలో తేమ, గాలి వేగం, దిక్కు కనిపిస్తాయి. మా ఊళ్లో చాలామంది వాన అంకె ఒక్కటి చూసి మూసేస్తారు. నేను ముందు తేమ చూస్తాను. వాన సున్నా అని ఉన్నా తేమ 90 శాతం దాటుతుంటే తెల్లారేసరికి కాయ మెత్తబడి ఉంటుంది. అలాంటి రోజుల్లో పొద్దు గుంకక ముందే కుప్ప చేసి పట్ట కప్పించేస్తాను. మెత్తటి కాయను అలాగే టిక్కీలో తొక్కితే బూజు పడుతుంది, కోల్డ్ స్టోరేజీలో పెట్టినా దాని వాసన పోదు.

తేమ తర్వాత గాలి. 2021లో నల్ల తామర పురుగు మన తోటల మీద పడ్డప్పటి నుంచీ మందుల ఖర్చు నడ్డి విరుస్తోంది. పొద్దున కొట్టిన మందు సాయంత్రం వానకు కడుక్కుపోతే మందూ కూలీ రెండూ మట్టిపాలే. గాలి జోరుగా ఉన్న పూట కొడితే సగం పక్కవాడి చేలోకి పోతుంది. స్ప్రేయర్ బయటికి తీసే ముందు వాన, గాలి అంకెలు రెండూ చూడాలి.

ఈ యాప్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది మంగళ, శుక్రవారాల్లో వచ్చే సలహా. వాన ఇన్ని మిల్లీమీటర్లని చెబితే రైతు ఏం చేసుకుంటాడు? కోసిన కాయను ఎత్తి పెట్టుకోండి, మందు రెండ్రోజులు ఆపండి, నీరు నిలవకుండా కాల్వ తీయండి అని చెబితే పనికొస్తుంది. అంకెను పనిగా మార్చే ఆ మధ్య మెట్టు మీద గుంటూరు దగ్గరి మన లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు కూర్చుని ఉన్నారు. పంట ఏ దశలో ఉందో వాళ్లకు తెలుసు. పూత మీద ఉన్న తోటకూ, కోతకొచ్చిన తోటకూ ఒకే వాన ఒకే మాట చెప్పదు కదా.

ఒక సంగతి తెలుసుకుని వాడాలి. జిల్లా అంకె మన చేను అంకె కాదు. దేశాన్ని గడులుగా విడగొట్టి ఒక్కో గడికి లెక్క కడతారు. ఇదివరకు ఆ గడి 12 కిలోమీటర్లు, అంటే గుంటూరు, పెదకాకాని ఒకే గడిలో పడిపోవచ్చు. ఐఐటీఎం తయారుచేసిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే వాతావరణ అంచనా వ్యవస్థ 2025 మేలో మొదలయ్యాక గడి 6 కిలోమీటర్లకు దిగింది. అంత లెక్క కట్టడానికి పుణెలో ‘అర్క’ అనే సూపర్ కంప్యూటర్ పెట్టారు. అయినా వేసవి సాయంత్రం వచ్చే గాలివాన రెండు మూడు ఊళ్ల మీదే కురిసి పోతుంది, అది ఆ గడిలోనూ సరిగ్గా దొరకదు. కాబట్టి మేఘదూత్ వారం పనులకే, ఈ సాయంత్రం సంగతికి కాదు.

ఆ పూటకు దామిని. ఇది కూడా ఐఐటీఎందే. పిడుగు పడినప్పుడు రేడియో తరంగాలు పుడతాయి. దేశమంతా పెట్టిన 80కి పైగా సెన్సర్లలో ఏ సెన్సర్‌కు ఆ తరంగం ఎంత ముందు, ఎంత వెనక చేరిందో లెక్కగట్టి పిడుగు పడ్డ చోటు పట్టేస్తారు. గత కొద్ది నిమిషాల్లో పడ్డవి మ్యాప్ మీద రంగు చుక్కలుగా కనిపిస్తాయి. మీకు 20, 40 కిలోమీటర్ల దూరంలో ఉంటే హెచ్చరిక వస్తుంది.

పోయిన ఏప్రిల్‌లో ఆఖరి కోత నడుస్తోంది. నెత్తిన ఎండ మండుతోంది, పడమట మాత్రం కాస్త మసకగా ఉంది. ఫోన్ తీస్తే చిలకలూరిపేట వైపు చుక్కలు గుంపుగా ఉన్నాయి, చూస్తుండగానే మావైపు జరుగుతున్నాయి. ‘ఇక ఆపి పదండక్కా’ అన్నాను ముఠా మేస్త్రితో. ‘మబ్బేదమ్మాయ్, ఈ రెండు సాళ్లూ అయిపోనీ’ అంది. మ్యాప్ చూపించాను. గంపలు అక్కడే వదిలి అందరం స్కూలు బిల్డింగులోకి వెళ్లాం. కాసేపటికే మా చేల మీదుగా ఉరుములు దద్దరిల్లాయి. పట్ట తడిసింది, మనుషులు భద్రంగా ఉన్నారు. ఆ ఒక్క పూటతో దామినికి నా తరఫున ఐదుకు ఐదు. మేఘదూత్‌కు నాలుగు.

దామినికీ హద్దుంది. ఎక్కడో పడ్డ పిడుగునే అది చూపిస్తుంది. మొట్టమొదటిది మన నెత్తినే పడితే ముందు చెప్పలేదు. అందుకని ఉరుము వినపడ్డాక యాప్ చూస్తూ చేలో నిలబడకండి, చెట్టు కిందికి అసలే పోకండి. లొకేషన్ ఆన్‌లో ఉంచండి, బ్యాటరీ సేవర్ నుంచి ఈ యాప్‌ను తప్పించండి, లేకపోతే హెచ్చరిక ఆలస్యమవుతుంది.

ఐఐటీఎం వాళ్లను ఒకటి అడగాలని ఉంది. మా ముఠాలో ఎక్కువమంది దగ్గర ఉన్నవి కీప్యాడ్ ఫోన్లు. పిడుగు దగ్గరికొస్తుంటే ఆ ఫోన్లకే తెలుగులో మాట్లాడే కాల్ రావాలి. కాయ కోసే చేతులకు కారం అంటుకుని ఉంటుంది, ఆ చేత్తో స్క్రీన్ తుడిచి చదివే తీరిక చేలో ఎవరికీ ఉండదు.