బెరిల్ ఏఎక్స్ ట్రావెల్ రౌటర్: బెంగళూరు ఇంటి నెట్ విదేశంలో ఎంతవరకు పనికొస్తుంది?

విదేశంలో కొన్నాళ్లుండి పని చేసుకోవడానికి కంపెనీ ఒప్పుకుంది. కానీ ఆఫీసు సిస్టమ్స్ ఇండియా ఐపీ (నెట్ చిరునామా) నుంచి వస్తేనే లాగిన్ ఇస్తాయి. జీఎల్ ఐనెట్ వాళ్ల బెరిల్ ఏఎక్స్ పనికొచ్చేది ఇలాంటప్పుడే. అరచేతిలో పట్టే ఈ వైఫై 6 రౌటర్ బరువు 200 గ్రాముల లోపే. రెండు కొనాలి. ఒకటి మారతహళ్లి ఫ్లాట్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌కు సర్వర్‌గా ఉంటుంది, రెండోది క్లయింట్‌గా మీ వెంట వచ్చి మీ నెట్ అంతా ఆ ఇంటి మీదుగా పంపుతుంది.

సెటప్ సులువే. బ్రౌజర్లో 192.168.8.1 తెరిచి వైర్‌గార్డ్ సర్వర్, డైనమిక్ డీఎన్‌ఎస్ (ఇంటి ఐపీ మారినా ఒకే పేరుతో దొరికేలా చేసేది) రెండూ ఆన్ చేయాలి. క్లయింట్ ప్రొఫైల్ దించుకుని రెండో రౌటర్‌లో ఎక్కించాలి. ఫైబర్ వాళ్లిచ్చిన బాక్స్‌లో వైర్‌గార్డ్ వాడే యూడీపీ 51820 పోర్టును (రాకపోకల ద్వారం) ఇంటి రౌటర్‌కు మళ్లించాలి. చాలామంది ఇరుక్కునేది ఈ బాక్స్ దగ్గరే. దాని వాన్ ఐపీ (బయటి నెట్ వైపు చిరునామా) 100.64 నుంచి 100.127 వరకున్న అంకెలతో మొదలైతే మీ కనెక్షన్ సీజీనాట్ వెనక ఉన్నట్టు. అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లు పంచుకుంటున్నాయి, పోర్టు ఎంత మళ్లించినా బయటి నుంచి లోపలికి దారి ఉండదు. నెలనెలా కొంత కట్టి స్టాటిక్ ఐపీ (మీ ఇంటికే కేటాయించిన, మారని పబ్లిక్ ఐపీ) తీసుకోండి. పరీక్ష ఇంటి వైఫై మీద కాకుండా ఫోన్ హాట్‌స్పాట్ మీద చేయండి, లేకపోతే ఈ సంగతి ఊరు దాటాకే తెలుస్తుంది.

బెంగళూరు ఇంట్లో బెస్కాం కరెంటు పోతే విదేశంలో మీ పనీ ఆగిపోతుంది. బజార్లో దొరికే మినీ యూపీఎస్‌లు ఎక్కువగా 12 వోల్టులవి. ఫైబర్ బాక్స్‌కు అవి సరిపోతాయి గానీ, బెరిల్‌కు టైప్-సి మీద 5 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. రెండు అవుట్‌పుట్లూ ఉన్నదే కొనండి.

హోటల్ వైఫైతో కొంత ఓపిక పట్టాలి. వీపీఎన్ లేనప్పుడు నెట్ ఆపేసే కిల్ స్విచ్ ఆన్‌లో ఉంటే హోటల్ లాగిన్ పేజీ రానే రాదు. ముందు వీపీఎన్, కిల్ స్విచ్, సొంత డీఎన్‌ఎస్ ఆపి, ఫోన్‌తో రౌటర్‌కు కనెక్టయి ఆ పేజీ పూర్తి చేసి, మళ్లీ అన్నీ ఆన్ చేశాకే ల్యాప్‌టాప్ కలపాలి.

వైర్‌గార్డ్‌కు తయారీదారు చెప్పే 300 ఎంబీపీఎస్ రౌటర్ సామర్థ్యం మాత్రమే. అక్కడ మీకు అందే డౌన్‌లోడ్ వేగం ఇక్కడి ఇంటి అప్‌లోడ్ వేగాన్ని మించదు. లాగిన్ అయ్యి, చిన్న పేజీలు తెరుచుకుని, పెద్ద ఫైల్ అప్‌లోడ్ మాత్రం మధ్యలో నిలిచిపోతుంటే ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్‌కు గరిష్ఠ సైజు) చూడండి. వైర్‌గార్డ్ లోపల కంపెనీ వీపీఎన్ కూడా నడిస్తే 1420 సైజు ప్యాకెట్లు పట్టవు. 1280కి దించితే సాధారణంగా సర్దుకుంటుంది. వీడియో కాల్‌లో మాట ఆలస్యంగా వినబడటానికి మాత్రం ఏ సెట్టింగూ లేదు. యూరప్‌లో కూర్చుని యూరప్ సహోద్యోగితో మాట్లాడినా ఆ మాట బెంగళూరు వచ్చి వెళ్లాల్సిందే.

ఇది పెట్టుకుంటే మనం ఎక్కడున్నదీ కంపెనీకి తెలియదన్న నమ్మకం ఐటీ వాళ్లలో గట్టిగా ఉంది. అది తప్పు. రౌటర్ మార్చేది ఐపీని ఒక్కదాన్నే. ల్యాప్‌టాప్ చుట్టుపక్కల వైఫైలను బట్టి స్థానం కనుక్కోగలదు. లాగిన్ ఆమోదించే ఫోన్ అక్కడి సిమ్ మీద ఉంటే ఆ దేశపు ఐపీ లాగ్‌లో పడుతుంది. దొరికితే పోయేది ఉద్యోగం. వీసా, పన్ను చిక్కులు దానికి అదనం. చాలా పన్ను ఒప్పందాలు 183 రోజులను హద్దుగా చూస్తాయి, కొన్ని పరిస్థితుల్లో అంతకుముందే పన్ను పడవచ్చు. కాబట్టి రౌటర్ ఆర్డర్ చేయకముందే దేశం, తేదీలు రాసి హెచ్‌ఆర్, ఐటీ విభాగాలు రెండింటి నుంచీ మెయిల్‌లో అనుమతి తీసుకోండి. సొంత వీపీఎన్ మీదుగా వస్తున్న సంగతి కూడా అందులోనే రాయండి, ఎందుకంటే కొన్ని కంపెనీల్లో నిషేధం దాని మీదే ఉంటుంది.