టేస్టింగ్ మెనూ మేలా, కాలాజీరా విందు మేలా?

ఒడిశా కోరాపుట్ జిల్లా జయపురం తెలుగువాళ్లం పెళ్లిరోజుకు నగరానికి వెళ్లి టేస్టింగ్ మెనూ తినాలా, ఇంట్లోనే కోరాపుట్ పంట కాలాజీరా బియ్యంతో విందు చేసుకోవాలా?

టేస్టింగ్ మెనూలో నిర్ణయమంతా షెఫ్‌దే. ఆ వారం పొలం నుంచి వచ్చినదాన్ని బట్టి ఏడెనిమిది చిన్న వడ్డనలు, రెండు మూడు గంటలు. పొలం నుంచి పళ్లెంలోకి అన్న ఈ ధోరణికి 1971లో అమెరికాలోని బర్క్‌లీలో మొదలైన షే పనీస్ రెస్టారెంట్ పేరు తెచ్చింది. మారు వడ్డించరు, మా మామయ్య దాన్ని భోజనమని ఒప్పుకోరు.

ఇంట్లో అయితే 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన కాలాజీరా బియ్యం. వడ్లు నల్లగా, అచ్చం జీలకర్రే! గిన్నె మూత తీస్తే ఘుమఘుమ వీధి దాకా. పక్కన ముద్దపప్పు, సంత చిక్కుడు వేపుడు, కాస్త నెయ్యి. చాకిరీ మాత్రం ఇంటివాళ్లదే.

ఇద్దరమే అయితే నగరానికే నా ఓటు. పెద్దలూ పిల్లలూ ఉంటే కాలాజీరాయే.