తుపాకీకి డబ్బా, ఊరికి పనా, ఇంటింటి సోదానా: సరిహద్దు పల్లెలకు ఏది మేలు?

2025 అక్టోబరు 15న గడ్చిరోలిలో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు, ఆయన వెంట మరో అరవై మంది మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎదుట లొంగిపోయి, 54 ఆయుధాలు అప్పగించారు. ఆ రోజు అందరి చూపూ ఏకే-47ల మీదే నిలిచింది. ఇంట్లో తెలుగు, సర్కారు కచేరీలో మరాఠీ, అడవి దారిలో గోండీ, మాడియా వినిపించే సిరోంచా, అహేరి, భామ్రాగఢ్ తాలూకాలలో మాత్రం ఏ జాబితాకూ ఎక్కని తుపాకుల సంగతి ఇంకా తేలవలసి ఉంది. ఇవి రెండు రకాలు. అడవిలో డంపులుగా పాతిపెట్టిన యుద్ధపు ఆయుధాలు ఒకటి, ఇళ్ళలోనూ పొలాల్లోనూ దాగి ఉన్న భర్మార్లు, అంటే గొట్టం నోట్లోంచి మందు దట్టించి పేల్చే నాటు తుపాకులు, రెండు. ఈ రెండింటికీ ఒకే మందు వేయడం పొరపాటని నా అభిప్రాయం.

తుపాకీ తెచ్చినవాడి చేతిలో డబ్బు పెట్టడం అన్నిటికన్నా సులువుగా కనిపించే మార్గం. పశ్చిమాఫ్రికాలోని లైబీరియాలో అంతర్యుద్ధం ముగిశాక 2003 డిసెంబరులో మన్రోవియా దగ్గరి శిబిరంలో నిరాయుధీకరణ మొదలైంది. మనిషికి 300 డాలర్లు రెండు విడతల్లో ఇస్తామన్నారు. అంచనాకు మించి జనం వచ్చిపడి అల్లర్లు చెలరేగడంతో, కార్యక్రమాన్ని ఆపి మరుసటి ఏప్రిల్‌లో తిరిగి ప్రారంభించవలసి వచ్చింది. చివరికి లక్షా మూడు వేల మందికి పైగా పేర్లు నమోదు చేయించుకుంటే, చేతికి వచ్చిన తుపాకులు సుమారు 28 వేలు మాత్రమే. తుపాకీ లేకున్నా కొద్దిపాటి తూటాలు చూపిస్తే చాలన్న నిబంధన ఉండటంతో, పోరాటంతో సంబంధం లేనివారూ వరుసలో నిలబడ్డారు. నాటు తుపాకీ విషయంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. గొట్టం, కర్రదిమ్మ, కొద్దిపాటి కమ్మరి పని తెలిసినవాడు ఉంటే కొత్త భర్మార్ తయారవుతుంది కాబట్టి, ధర కట్టిన మరునాటి నుంచే దాన్ని అమ్మడం కోసమే చేయడం మొదలవుతుంది.

సోదా సంగతి వేరు. మొజాంబిక్‌లో 1992 శాంతి ఒప్పందం తర్వాత, 1995 నుంచి దక్షిణాఫ్రికా, మొజాంబిక్ పోలీసులు కలిసి ‘ఆపరేషన్ రేచల్’ పేరుతో డంపులను వెతికి, దొరికినచోటే ధ్వంసం చేశారు. జాడ చెప్పినవారికి పారితోషికం ఉండేది. అడవిలో పాతిన ఆయుధాలకు ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించదు. ఎందుకంటే అవి ఎవరి ఇంటివీ కావు, చోటు తెలిసినవాడు నోరు విప్పితే తప్ప దొరకవు. అదే సోదాను గుడిసెల మీదికి తెస్తే ఫలితం తలకిందులవుతుంది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకీకి కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా ఐదేళ్ళు శిక్ష పడుతుంది. ఆ భయం ఉన్న మనిషి తుపాకీని ఠాణాకు తీసుకురాడు, వాగు అవతల దాచివస్తాడు. దశాబ్దాలపాటు ఇరువైపులా నలిగిన పల్లెల్లో అర్ధరాత్రి తలుపు తట్టడం ఎంత గాయమో పాలకులు మరువకూడదు.

మూడోది, తుపాకులకు బదులుగా ఊరంతటికీ పని చేసిపెట్టడం. అల్బేనియాలో 1997లో జనం ఆయుధాగారాలను కొల్లగొట్టినప్పుడు ఐదు లక్షలకు పైగా తుపాకులు బయటికి పోయాయి. ఆ తర్వాత గ్రాంష్ జిల్లాలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఎవరికీ విడిగా డబ్బు ఇవ్వకుండా రోడ్లు, టెలిఫోన్లు, వీధి దీపాలు ఇస్తామని చెప్పింది. దాదాపు ఆరు వేల ఆయుధాలు, 137 టన్నుల మందుగుండు వచ్చాయి. ఐదు లక్షల ముందు ఆరు వేలు చిన్న సంఖ్యే. అయినా అవి ఏ బలవంతమూ లేకుండా వచ్చినవి. సియెరా లియోన్‌లో మరో మెట్టు ఎక్కి, ఒక్కో సంప్రదాయ పెద్ద ఏలుబడిలో ఉన్న ప్రాంతమంతా ఆయుధరహితమని పోలీసులు పరిశీలించి ధ్రువీకరించాకే నిధులు ఇచ్చారు.

గడ్చిరోలికి ఈ పద్ధతి కొత్త కాదు. మావోయిస్టులను రానివ్వబోమని గ్రామసభ తీర్మానం చేసిన ఊరికి నిధులు ఇచ్చే గావ్‌బందీ పథకం ఇక్కడ రెండు దశాబ్దాలుగా ఉంది, ఆ సందర్భంలోనే కొన్ని ఊళ్ళు భర్మార్లనూ అప్పగించాయి. ఊరు డబ్బును నిర్వహించగలదా అన్న అనుమానానికి ఈ జిల్లాలోనే జవాబుంది. ధనోరా తాలూకాలోని మెండా-లేఖా 2009లో సామూహిక అటవీ హక్కులు పొంది, 2011 నుంచి తన వెదురుకు తానే రవాణా పర్మిట్లు ఇచ్చుకుంటోంది.

ఈ మార్గంలోనూ లోపాలున్నాయి. ఊరివారు తుప్పుపట్టినదాన్ని ఇచ్చి మంచిదాన్ని దాచుకోవచ్చు. నిధులు మంజూరై కల్వర్టుకు మూడేళ్ళు పడితే పక్క ఊరు ముందుకు రాదు. వీటికన్నా నన్ను కలవరపెట్టేది పంట సంగతి. భర్మార్ నోట్లో తుపాకి మందు పోసి, గుడ్డపేలిక కుక్కి, సీసపు గుళ్ళు వేసి, ఇనుప ఊచతో దట్టించి, మంచె మీద రాత్రంతా కూర్చునే రైతు అడవి పంది కోసం కాచుకుని ఉన్నాడు. అనుమతి లేని ఆ వేట చట్టవిరుద్ధమే. కానీ కోతకు వచ్చిన వరి ఒక్క రాత్రిలో నేలమట్టమైతే అతనికి ఏడాది గ్రాసం పోతుంది. కాబట్టి ఊరికి ఇచ్చే పనుల్లో మొదటిది సమాజ మందిరం కాకుండా సోలార్ కంచె కావాలి. అటవీశాఖ పంట నష్టపరిహారం పంచనామా జరిగిన కొద్ది వారాల్లోనే రైతు ఖాతాలో పడాలి.

సేకరించినదాన్ని ఏం చేశారన్నది కూడా తక్కువ విషయం కాదు. మాలీలోని తింబక్తులో 1996 మార్చి 27న సుమారు మూడు వేల ఆయుధాలను జనం ఎదుట తగలబెట్టారు. మొజాంబిక్‌లో చర్చిల మండలి కుట్టు మిషన్లు, సైకిళ్ళు, నాగళ్ళు ఇచ్చి తెచ్చిన తుపాకులను ముక్కలుగా కోయించింది. కళ్ళ ముందే కోసిన తుపాకీ మళ్ళీ ఎవరి చేతికో చేరుతుందన్న అనుమానం ఊరికి ఉండదు. అయితే మాలీలో 2012లో మళ్ళీ యుద్ధం వచ్చింది. మంట వెలిగించాక పాలన వెనక్కి మళ్ళితే ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది.

అందుచేత నా ఎంపిక ఇది. భర్మార్లకు గ్రామసభ ద్వారా ఊరి పని, గడువులోగా అప్పగించినవారిపై కేసు ఉండదన్న రాతపూర్వక హామీ. డంపులకు పారితోషికంతో కూడిన గాలింపు. విడిగా నగదు మాత్రం లొంగిపోయే దళ సభ్యులకే, అదీ బతుకుతెరువు కోసం. ఇంటి సోదా గడువు ముగిశాక, నిర్దిష్టమైన సమాచారం ఉన్నచోట మాత్రమే.

ఇవేవీ ఒక్క గడ్చిరోలిలో చేస్తే నిలవవు. లైబీరియాలో 300 డాలర్లు ఇస్తుండగా పొరుగున ఐవరీకోస్ట్‌లో సుమారు 900 ఇస్తారని తెలిసి, కొందరు పోరాటగాళ్ళు సరిహద్దు దాటిపోయారు. సిరోంచా నుంచి గోదావరి దాటితే తెలంగాణ, ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. మూడు రాష్ట్రాలూ ఒకే పారితోషికం, ఒకే గడువు, ఒకే హామీ ప్రకటించి, అప్పగించిన ప్రతి తుపాకీకీ ఉమ్మడి రిజిస్టరులో నంబరు వేస్తే తప్ప, ఏటి ఇవతల ఇచ్చినదానికి అవతల మరొకటి కొనుక్కునే దారి మూసుకుపోదు.